వివక్షకు వ్యుత్పత్తి

పలుకుతల్లి! నీదు పాదాలకును మ్రొక్కి
మాట వంకదీర్చు మనసుతోడ
కుట్టుసూది కథను కూర్చి చెప్పెదనమ్మ!
వినెడివారి కెల్ల వెలుగు నిమ్ము.

వాగ్దేవి మనిషికి మాటనిచ్చింది నొప్పి ఎక్కడుందో ఎదుటివారికి చెప్పుకోవడానికి. ఆ మాటనే దుప్పటిలా నొప్పిమీద కప్పి, "ఇక్కడేమీ లేదు" అని చూపించే విద్యను ఆ తల్లి ఎవరికీ నేర్పలేదు. దాన్ని కొందరు సొంత కృషితో సాధించారు. అటువంటి సాధకుడొకడు ఈ కథలో వస్తాడు. అయినా ఇది అతని కథ కాదు, ఒక సూది కథ.

ఆ పుస్తకాల బైండింగు శాలలో రెండు గదులు. ముందుగది విశాలమైనది, వీధివైపు నిలువెత్తు కిటికీలు మూడు. మొదటి కిటికీ దగ్గర కాగితాల అంచులు కోసే యంత్రం. రెండో కిటికీ దగ్గర అట్టలకు గుడ్డ అంటించే ఇద్దరు మగవాళ్లు. మూడో కిటికీ దగ్గర పొడవైన నున్నటి బల్ల, ఆ బల్ల వెనుక మేనేజరుగారి బావమరిది. వెనుకగదికి కిటికీయే లేదు. మూల జిగురు కాగే పొయ్యి, పైకప్పుకు వేలాడే ఒకే ఒక దీపం, ఆ దీపం కింద నలుగురు స్త్రీలు. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను పదహారేసి పుటల ఫారాలుగా మడవడం, వాటిని వరుసగా పేర్చి మైనం పట్టించిన దారంతో మడత నడుమ కుట్టడం వారి పని. అంచు వంకరగా కోసిన పుస్తకాన్ని చదువుకోవచ్చు, అట్ట వెలిసిన పుస్తకాన్నీ చదువుకోవచ్చు. కుట్టు ఊడితే మిగిలేవి కాగితాలే. ఇంతటి పనికి ఒక్క దీపం చాలునని, కత్తి దిగడానికి మాత్రం సూర్యభగవానుడే స్వయంగా రావాలని ఆ శాలలో ఎప్పుడో ఎవరో తేల్చేశారు. తేల్చినవారు వెనుకగదిలో ఒక్క పూటైనా కూర్చున్నవారు కారు.

బావమరిదికి ఇంట్లో పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. శాలలో ఎవరికీ తెలియదు. అందరూ బావమరిదిగారనే పిలిచేవారు, అదొక ఉద్యోగం పేరైనట్టు. హాజరుపట్టీలో అతని హోదా చీటీల పరిశీలకుడు. తయారైన పుస్తకం వీపుమీద పేరు చీటీ వంకర లేకుండా అంటిందో లేదో చూడాలి. చూడటం మధ్యాహ్నం ఒక గంటలో అయిపోయేది. మిగిలిన పొద్దంతా మాట్లాడేవాడు. తన మోకాలి నొప్పి గురించి, పక్కింటివారి కుక్క గురించి, తాను చేయబోయి మానుకున్న వ్యాపారాల గురించి. వినేందుకు లోపల మనిషి దొరక్కపోతే కిటికీలోంచి వీధిలో పోయేవారిని ఆపి మరీ చెప్పేవాడు.

వెనుకగది నలుగురిలో పెద్దామెను అందరూ సూదక్క అనేవారు. పంతొమ్మిదేళ్లుగా అదే పీట, అదే పని. చదువు కొద్దిపాటిదే, చదివే ఆకలి మాత్రం పెద్దది. కుట్టేవారికి ప్రతి ఫారంలోనూ నడిమి రెండు పుటలే తెరుచుకొని కనిపిస్తాయి; ఆమె చదువంతా ఆ పుటలదే. ఏ కథకూ మొదలు తెలియదు, ఏ కథకూ ముగింపు తెలియదు. నడుమ జరిగిందంతా కంఠస్థం.

ఆ ఏడు ఆమె కళ్లు మసకబారాయి. దారం ఎక్కించడానికి రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించవలసి వచ్చేది. ఒకరోజు సూది వేలిలో దిగి, తెల్లటి పుటమీద కందిగింజంత ఎర్రచుక్క పడింది. కళ్ల డాక్టరు చూసి, నాన్చకుండా చెప్పాడు: "పగటి వెలుగులో కుట్టుకుంటే ఎన్నేళ్లైనా కుట్టుకోమ్మా. ఆ దీపం కింద ఇంకో ఏడాది కుట్టావంటే, సూది సంగతి దేవుడెరుగు, సూది పట్టుకున్న చెయ్యి కూడా కనపడదు."

ఇంట్లో ఆమె, మంచం దిగలేని అత్తగారు, ఇద్దరే. అత్తగారికి కాళ్లు ఆడవు గాని నోరు నిక్షేపంగా ఆడుతుంది.

"ఏమ్మా, ఇవాళ ఎన్నోసారికి ఎక్కింది దారం?"

"ఏడోసారికి అత్తయ్యా."

"నిన్న ఐదన్నావు."

"నిన్న తలుపు సందులోంచి కాస్త వెలుగు పడింది. ఇవాళ ఎవరో తలుపేశారు."

"ఆ సందులోనైనా కూచోబెట్టమని అడగొచ్చుగా?"

"అడిగితే ఏమంటారో అని..."

"అడక్కపోతే మాత్రం ఏమన్నారు? హారతిచ్చారా?"

మర్నాడు సూదక్క మేనేజరు గది గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, మూడో కిటికీ బల్ల మీద మాకు కొంచెం చోటిస్తే అక్కడ కుట్టుకుంటాం. నా కళ్లు..."

"అది పరిశీలన బల్ల."

"పరిశీలన రోజుకి గంటేగా సార్."

మేనేజరు కలం పక్కన పెట్టాడు. "చూడక్కా, ఆడవాళ్లు వెనకగది, మగవాళ్లు ముందుగది. నేను పెట్టింది కాదిది, మొదట్నుంచీ ఉన్న ఏర్పాటు. వీధివైపు ఆడవాళ్లని వరసగా కూచోబెడితే చూడ్డానికి బాగుండదు."

"ఎవరికి సార్?"

ఆ ప్రశ్నకు జవాబు లేనందువల్ల ఆయనకు కోపం వచ్చింది. "కళ్లు కనపడకపోతే పని మానేసి హాయిగా ఇంట్లో కూచో. ఎవరు కాదన్నారు?"

అవతలి గదిలోంచి బావమరిది తల తిప్పకుండానే అందుకున్నాడు. "కళ్లద్దాలు పెట్టుకో అక్కా! మా పెద్దమ్మకి కూడా ఇంతే. అద్దాలు పెట్టుకున్నాక గోడ మీద బల్లి పళ్లు కూడా లెక్కపెట్టేది. ఆ బల్లి కథ చెప్పానా నీకు?"

సూదక్క బల్లి కథ వినలేదు. ఆమె చూపు మేనేజరు తలుపు పైనున్న పటం మీద పడింది. మసక కళ్లకైనా కనిపించేంత పెద్ద అక్షరాలతో రాయించి, అద్దం వేయించి పెట్టిన శాల నియమావళి అది. అందులో నాలుగోది ఇలా ఉంది: "ఈ శాలయందు ఎవ్వరును వివక్ష చూపరాదు. చూపినవారు తమ స్థానమును తక్షణమే విడువవలెను. ఫిర్యాదును యజమాని ఎల్లర సమక్షమున ఆలకింపవలెను."

ఆ మాట ఆమెకు కొత్తది కాదు. ఆ నెలంతా శాలలో ఒక పెద్ద నిఘంటువు కుడుతున్నారు. యాభైమూడో ఫారం నడిమి పుటలో, ఎడమవైపు, పైనుంచి ఐదో మాట 'వివక్ష'. ఎదురుగా రెండు అర్థాలు: చెప్పవలెనను కోరిక, ఒకరి నొకలాగున, మరియొకరి నింకొకలాగున చూచుట. రెండువందల ప్రతులు కుట్టింది గనుక రెండువందలసార్లు చూసింది.

ఆ సాయంత్రమే కాగితం రాసింది. "వెలుగు అక్కర్లేని పనికి కిటికీ, వెలుగు లేనిదే సాగని పనికి చీకటి గది ఇచ్చారు. కారణం మేము ఆడవాళ్లం కావడమే. ఇది నాలుగో నియమంలో ఉన్న వివక్ష. విచారించండి."

పక్క పీట మీద ఫారాలు మడిచే పిన్ని అది చదివించుకొని గుండెలు బాదుకుంది. "నీకెందుకే ఈ పెద్దపెద్ద మాటలు? ఉన్న పని ఊడుతుంది."

"ఏడాదిలో ఎలాగూ ఊడేదేగా పిన్నీ. అడిగి ఊడగొట్టుకుంటే కనీసం అడిగానన్న తృప్తి ఉంటుంది."

కాగితం యజమానురాలికి చేరింది. భర్త పోయాక శాల బరువు నెత్తినేసుకున్న వృద్ధురాలు, అందరికీ అమ్మగారు. చేతికర్రతో నడిచేది, మాట తక్కువ. నెలకొకసారి వచ్చి, మేనేజరు చూపించింది చూసి వెళ్లేది. మేనేజరు వెనుకగది తలుపు ఎప్పుడూ చూపించలేదు. అటునుంచి జిగురు వాసన వస్తుందని ఆమెను పక్కదారిన తీసుకుపోయేవాడు. ఈసారి ఎల్లుండే వస్తానని, అందర్నీ కూర్చోబెట్టమని ఆమె కబురు పెట్టింది. మేనేజరు వెంటనే పండితులవారి ఇంటికి మనిషిని పంపాడు.

నియమావళి రాసింది ఆ పండితులవారే. ఏ సభలోనైనా ముందువరుస కుర్చీ ఆయనది. ఏ సందేహానికైనా, అడిగినవారి ముఖం చూసి, వారికి అనుకూలమైన సమాధానం శాస్త్రంలోంచి తీసి ఇవ్వగలడు. వాగ్దేవి పేరు తలవనిదే నోరు విప్పడు. విప్పిన తరువాత ఆమెను తలుచుకోడు.

విచారణనాడు పొద్దున్నే ముందుగదిలో కుర్చీలు వేశారు. అమ్మగారు మధ్యన, ఆమె కుడివైపు మేనేజరు, ఎడమవైపు పండితులవారు. యంత్రం ఆపేశారు. మగవాళ్లు తమతమ కిటికీల దగ్గర, స్త్రీలు గోడవారన. బావమరిది తన బల్ల మీదనే కాళ్లూపుతూ కూర్చున్నాడు.

పండితులవారు వాగ్దేవికి దండం పెట్టి గొంతు సవరించుకున్నారు. "అమ్మా, తగవు తీర్చాలంటే ముందు శబ్దం తేలాలి. వచ్ అని ఒక ధాతువు ఉంది. పలకడం దాని అర్థం. దానికి కోరికను తెలిపే ప్రత్యయం చేరితే వివక్ష అవుతుంది. వక్తుమ్ ఇచ్ఛా వివక్షా. అంటే చెప్పాలనే కోరిక. ఇక ఈ తల్లి ఫిర్యాదేమిటి? మేనేజరుగారు చెప్పాలనే కోరిక చూపారని! పెద్దవారు నాలుగు మంచిమాటలు చెప్పాలనుకోవడం నేరమెలా అవుతుంది? అందుకు ఈమె సంతోషించాలి గాని ఫిర్యాదు చేయవచ్చునా?"

మేనేజరు ముఖం చాటంత అయింది. బావమరిది పకపకా నవ్వాడు. "అంటే మా బావకి అక్కతో మాట్లాడాలని ఉందని కేసు పెట్టిందన్నమాట!"

పండితులవారు చెప్పిన వ్యుత్పత్తిలో దోషం లేదు. సిగ్గుపడవలసింది అందుకే. చదువురానివాడు అన్యాయాన్ని దాచడానికి అబద్ధమాడతాడు, పట్టుబడతాడు. ఈయన మహర్షులు కట్టిన వ్యాకరణాన్ని తెచ్చి, ఒక బావమరిది బల్లకు కాపలా పెట్టాడు. దేవుడి గుడిలోని దీపం తెచ్చి చుట్ట ముట్టించుకున్నవాడికీ ఈయనకూ తేడా ఏమిటో నాకు తెలియదు.

అమ్మగారు సూదక్కవైపు తిరిగింది. "ఏమంటావమ్మా?"

సూదక్క కొంగు భుజం చుట్టూ కప్పుకొని ఒక్కడుగు ముందుకు వచ్చింది. "అయ్యగారూ, మేం కుట్టిన నిఘంటువులో ఈ మాటకి రెండర్థాలున్నాయండి."

"ఆ రెండోది తెలియనివారి వాడుక, తల్లీ. నిఘంటువు కూర్చినవాడు జాలిపడి చేర్చుకున్నాడు. శాస్త్రానికి అది పట్టదు."

"మరి ఈ శాలలో ఏది చెల్లుతుందండీ?"

"మొదటిదే. ముమ్మాటికీ మొదటిదే."

"రాసిస్తారా?"

మేనేజరు తానే కలం అందించాడు. బావమరిది బల్ల దిగి కాగితం తెచ్చాడు, ఇంత ఉత్సాహంగా అతడు కదలడం శాలలో ఎవరూ చూసి ఎరుగరు. పండితులవారు, "ఈ శాలలో వివక్ష యనగా చెప్పవలెనను కోరికయే, అర్థాంతరము లేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసి, తోక సాగదీసి సంతకం చేశారు.

సూదక్క ఆ కాగితం తీసుకొని అమ్మగారికిచ్చింది. "అమ్మగారూ, ఇప్పుడు ఆ నాలుగో నియమం మేనేజరుగారి చేత చదివించండి. వివక్ష అన్నచోట అయ్యగారు రాసిచ్చిన అర్థం పెట్టి చదవమనండి."

అమ్మగారు కర్రతో పటంవైపు చూపింది. మేనేజరు లేచి తలెత్తి చదివాడు. "ఈ శాలయందు ఎవ్వరును... చెప్పవలెనను కోరిక... చూపరాదు. చూపినవారు తమ స్థానమును తక్షణమే..." ఆ తరువాతి మాట ఆయన నోట రాలేదు.

గదిలో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. యంత్రం దగ్గరి మనిషి తెరిచిన నోరు మూసేశాడు. అట్టలవాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకొని పెదవులు బిగించారు. పంతొమ్మిదేళ్లలో ఆ ముందుగది అంత మౌనంగా ఉండటం అదే మొదటిసారి.

"అదేంటి బావా, అలాగైతే..." అన్నాడు బావమరిది.

"అదిగో, చూపించాడు కోరిక!" అని పిన్ని వేలెత్తింది. గోడవారనున్న స్త్రీలు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

పండితులవారు ఆ కాగితం కోసం చెయ్యి చాచారు. "అమ్మా, నియమంలో నేను ఆ పదాన్ని లోకరూఢిని బట్టి వాడాను. శాస్త్రార్థం అక్కడ వర్తించదు."

"లోకరూఢంటే ఏంటండీ?" అని అడిగింది సూదక్క. తెలియకనే అడిగింది, వెక్కిరింతగా కాదు.

"అంటే... నలుగురూ అనుకునే అర్థం."

"అంటే ఆ రెండోదా?"

"ఆ... రెండోదే."

"అయితే నా కాగితంలోదీ అదేనండి. ఆ నలుగురిలో నేనూ ఒకదాన్నేగా."

అమ్మగారు కర్ర నేలకు తాటించింది. "పండితులవారూ, మీ పుణ్యమా అని నాకు రెండర్థాలూ తెలిశాయి. మొదటిది పట్టుకుంటే, ఈ శాలలో పొద్దస్తమానం మాట్లాడాలనే కోరిక చూపేది ఆ మూడో కిటికీ దగ్గరే. నేను వచ్చిన ప్రతిసారీ వీధి మొగలో ఉండగానే వినిపిస్తుంది. రెండోది పట్టుకుంటే, ఆ బల్ల అక్కడెందుకుందో ఇవాళ అర్థమైంది. ఎటు తిప్పినా ఖాళీ కావాల్సిన స్థానం ఒక్కటే."

"మరి వాడెక్కడ కూచుంటాడండీ?" అన్నాడు మేనేజరు.

"వెనకగదిలో. ఇన్నేళ్లూ నలుగురు కూచున్న చోటు ఒక్కడికి చాలదా?"

బావమరిది అదిరిపడ్డాడు. "అమ్మో, అక్కడా! అక్కడ వెలుగే ఉండదు కదండీ! చీటీలు ఎలా కనపడతాయి?"

అమ్మగారు అతనివైపు కాదు, మేనేజరువైపు చూసింది. "ఇదే మాట ఆవిడ రాస్తే నువ్వు వ్యాకరణం తెప్పించావు. ఇతను చెప్పగానే నీకు అర్థమైపోయినట్టుంది. పద, ఆ గది చూపించు. జిగురు వాసనకి నేనేమీ చచ్చిపోను."

ఆమె వెనుకగదిలో ఎంతోసేపు ఉండలేదు. పీట మీద ఉన్న సూదిని, దారాన్ని తానే తీసుకొని, ఆ దీపం కింద ఎక్కించబోయింది. నాలుగుసార్లు తప్పింది. ఐదోసారి ప్రయత్నించకుండా సూది కింద పెట్టి బయటికి వచ్చేసింది. "మధ్యాహ్నంలోగా పీటలు మార్చండి. నలుగురివీ" అన్నది.

పండితులవారు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు. అమ్మగారు ఆపింది. "ఆ నియమంలో మాట మార్చి వెళ్లండి. మళ్లీ ఎవరూ మెలికపెట్టడానికి వీల్లేకుండా."

ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. "పక్షపాతం అని పెడదాం అమ్మా. శుద్ధమైన మాట."

"పక్షమంటే రెక్క కూడా కదండీ?" అన్నది సూదక్క. "ముప్పయ్యేడో ఫారంలో ఉంది. రేపు మళ్లీ ఎవరైనా అడిగితే, రెక్క రాలిపడ్డం గురించి ఇక్కడెందుకు, మన శాలలో పక్షుల్లేవు కదా అనరుగా?"

ఈసారి అమ్మగారే నవ్వింది. "మరి నువ్వే చెప్పు, ఏం రాయమంటావో."

"పెద్ద మాటెందుకండీ. ఒకరిని వెలుగులో, ఒకరిని చీకట్లో కూచోబెట్టకూడదు అని రాయించండి. దానికి ధాతువు వెతుక్కోనక్కర్లేదు."

పండితులవారు ఆ వాక్యాన్ని తమ గుండ్రటి అక్షరాలతోనే రాయవలసి వచ్చింది. రాస్తున్నంతసేపూ అందులో వ్యాకరణదోషమేదైనా దొరుకుతుందేమోనని వెతికారు. దొరకలేదు.

మధ్యాహ్నానికి నాలుగు పీటలూ మూడో కిటికీ కిందికి వచ్చాయి. సూదక్క దారం కొసను మైనంతో నునుపు చేసి, సూదిని ఎండకెదురుగా పట్టుకుంది. రెండోసారికి ఎక్కింది. మొదటిసారికే ఎక్కిందని చెబితే కథ ఇంకా అందంగా ఉండేది. కాని పోయిన చూపు పోయిందే. డాక్టరు తరువాత చూసి, మసక తగ్గలేదు గాని పెరగడం మానిందని చెప్పాడు. ఆమెకు అది చాలు. "రెండోసారికి!" అని ఆ సాయంత్రం చెబితే, అత్తగారు, "ఆ మొదటిసారి ఎందుకు తప్పిందట?" అన్నది. తృప్తి పడటం ఆమె వంశంలో లేదు.

బావమరిది వెనుకగదిలో వారం రోజులు ఉన్నాడు. అక్కడ మాట్లాడటానికి జిగురు పొయ్యి తప్ప మరేమీ లేకపోయింది. తరువాత అతనికి వేరేచోట మరింత మంచి అవకాశం వచ్చిందని మేనేజరు అందరికీ చెప్పాడు. ఎవరూ ఏ అవకాశమని అడగలేదు. చీటీలు అప్పటినుంచీ ఎవరూ పరిశీలించకుండానే తిన్నగా అంటుకుంటున్నాయి.

పండితులవారు సంతకం చేసిచ్చిన కాగితం అమ్మగారి చేతినుంచి మళ్లీ సూదక్క దగ్గరికే చేరింది. అమ్మగారి ఇంటికి పంపవలసిన నిఘంటువు ప్రతిని కుట్టేటప్పుడు, యాభైమూడో ఫారం నడిమి మడతలో ఆ కాగితాన్నీ చేర్చి కుట్టేసింది. ఇప్పుడు ఆ ఒక్క ప్రతిలో వివక్ష అనే మాటకు రెండర్థాలూ, ఒక ఉదాహరణా ఉన్నాయి.

ఈ కథ విన్నవారికి, వినిపించినవారికి, చదివి పక్కవారికి అందించినవారికి కళ్లలో వెలుగు తరగకుండుగాక. మీ బాధ చెప్పుకోవలసినప్పుడు మాట మీకు తోడుగా వచ్చుగాక. మీ మాటను మెలితిప్పబోయినవాడి నాలుక మీద పలుకుతల్లి ఒక్క క్షణం నిజమై నిలుచుగాక. స్వస్తి.